కౌంటర్ మీద వదిలిన రిజిస్టర్

జోగిపేట,
16 జూన్ 2025.

ఉదయా,

నువ్వూ బాలకిషనూ చల్లగా ఉండాలి. చెయ్యి చాపితే ఫోన్ ఉండగా ఈ అక్క ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. మా ఇంట్లో నేను ఫోన్ ఎత్తితే హాల్లో టీవీ గొంతు తగ్గుతుంది. అత్తమ్మ చెవి ఇటే ఉంటుంది. మీ బావ రాత్రి అన్నం ముందు కూర్చుని "ఎవరు చేసిన్రు, ఏమన్నరు" అని మొత్తం చెప్పించుకుంటారు. ఈ సంగతి ఆయన చెవిన పడకూడదు. అందుకని బడిలో ఏడో తరగతికి లెక్కలు ఇచ్చి, వాళ్ళు చేసుకుంటుండగా రాస్తున్నాను. నువ్వు కూడా బడి అడ్రసుకే రాయి.

కీర్తన గురించే. నిన్న సంతలో పద్మ కలిసింది. అశోక్ నగర్ హాస్టల్లో వాళ్ళ అమ్మాయి, మన కీర్తన ఒకే గది. "మీ బిడ్డకు పానం మంచిగలేదా వదినా? చిక్కడపల్లి దవాఖానకు మూడు సార్లు పోయిందట" అంది. నేను జలుబు అన్నాను. లైబ్రరీ పక్క సందులో దవాఖాన అంటే మీ డాక్టర్ భాగ్యశ్రీ గారిదే కదా?

పోయిన నెల ఇంటికి వచ్చినప్పుడు ఎడమ కనుబొమ్మ మీద దెబ్బ కనిపించింది. బాత్రూం తలుపు తగిలిందంది. ఉన్న మూడు రోజులూ పగలంతా నిద్రే. చదివి చదివి అలిసిందనుకున్నాను. ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొస్తుంటే నా గుండె నా దగ్గర లేదు.

మీ బావ ఆ పిల్లకు ఇచ్చింది రెండేళ్ళ గడువు. "రెండేళ్ళు చదువుకో, జాబ్ రాకుంటే నా మాట వినాలె" అన్నారు. ఒంట్లో బాగాలేదని తెలిస్తే తెల్లవారే వెళ్ళి తీసుకొస్తారు.

తొమ్మిదేళ్ళుగా ఆ కౌంటర్లో కూర్చున్నావు. ఫైళ్ళన్నీ నీ చేతి కిందే. ఒక్కసారి తీసి చూసి, ఏముందో నాలుగు ముక్కలు రాయి. నేను తల్లిని. ఇంకో మనిషికి చెప్పను.

మా బడి కప్పు ఈసారీ కురుస్తోంది. పిల్లల్ని రెండు గదుల్లోకి సర్దాం. తొందరగా రాయి.

నీ అక్క,
త్రివేణి


చిక్కడపల్లి,
20 జూన్ 2025.

అక్కా,

నమస్తే. నీ ఉత్తరం నిన్న అందింది. రాత్రి మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది నాలుగోది.

నువ్వడిగినది నేను రాయలేను. కీర్తన మా దగ్గరికి వచ్చిందనీ రాయలేను, రాలేదనీ రాయలేను. కోపం తెచ్చుకోకుండా కొంచెం విను.

తొమ్మిదేళ్ళ కింద ఈ కుర్చీలో ఇంకొకావిడ ఉండేది. మహబూబ్‌నగర్ నుంచి కూలిపనికి వచ్చి బస్తీలో ఉండే ఆశమ్మ అనే ఆమె దగ్గుతో వచ్చింది. టీబీ అని తేలింది. కౌంటర్లో ఉన్నావిడ సాయంత్రం కూరగాయల బండి దగ్గర ఆశమ్మ ఇంటి ఓనరు కనబడితే, మంచికే, "జర పిల్లలను దూరం ఉంచుండ్రి" అని చెప్పింది. తెల్లవారేసరికి ఆశమ్మ సామాను రోడ్డు మీద ఉంది. మందులు సగంలో ఆగిపోయాయి. డాక్టరమ్మ బస్తీ అంతా వెతికించింది కానీ వాళ్ళు దొరకలేదు. ఆ కుర్చీలోకి నన్ను తీసుకున్న రోజు ఆమె నాతో అన్నది ఒకటే మాట: "ఈడ విన్నది నీ మొగనికి గూడ చెప్పొద్దు ఉదయశ్రీ. చెప్పాలనిపిస్తే జాబ్ మానేసి పో."

ఈ తొమ్మిదేళ్ళలో బాలకిషన్ ఒక్కసారి కూడా అడగలేదు. ఈ సందులో సగం మంది గుట్టు నా దగ్గరుంది. వాళ్ళతో కలిసే కూరగాయలు కొంటాను, బోనాలకు వెళ్తాను.

నువ్వు కీర్తననే అడుగు. అరవకుండా, ఏడవకుండా అడుగు. ఈ మాట రాసినందుకు నువ్వు ఇంకేదో అర్థం తీస్తావేమోనని కూడా భయంగా ఉంది. ఏ అర్థమూ తీయకు. ఎవరి పిల్ల గురించి ఎవరడిగినా నేను ఇదే చెబుతాను.

నారాయణగూడ ప్రెస్సులో బాలకిషన్‌కు పని బాగానే ఉంది, పెళ్ళి కార్డుల సీజను. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో రాయి.

నీ చెల్లె,
ఉదయ


జోగిపేట,
25 జూన్ 2025.

ఉదయశ్రీ గారికి,

ఇలా పిలిస్తే సరిపోతుందా? నువ్వు రాసింది నాకు ఆఫీసు కాగితంలా ఉంది.

అమ్మ పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. నీకు జడవేసి, పేలు చూసి, నీ మొదటి బహిష్టుకు బట్ట కట్టించింది నేను. నీ ఒంటి సంగతి ఏదీ నా దగ్గర దాచలేదు నువ్వు. నా బిడ్డ ఒంటి సంగతి నా దగ్గర దాస్తున్నావు. ఆ ఆశమ్మ ఇంటి ఓనరూ నేనూ ఒకటేనా?

ఏమీ లేకపోతే "ఏమీ లేదు, కంగారు పడకు" అని ఒక్క ముక్క రాసేదానివి. నిన్ను నేను ఎరుగుదును. ఏదో ఉంది కాబట్టే మూడు కాగితాలు చింపావు.

నువ్వు చెప్పినట్టే కీర్తనను అడిగాను. అరవలేదు. "దవాఖానకు ఎందుకు పోయినవ్ బిడ్డా?" అన్నాను. "ఎవరు చెప్పిన్రు నీకు? చిన్నమ్మ చెప్పిందా?" అంది. ఫోన్ పెట్టేసింది. ఏమీ లేని పిల్ల అలా అడుగుతుందా?

మా బావగారి కొడుకు అనుదీప్ నారాయణగూడలోనే ఉంటున్నాడు కదా, ఆదివారం వచ్చి వెళ్తున్నాడు. వాడి చేతికి మన చెట్టు మామిడిపండ్లు పంపుతున్నాను. ఇవే ఆఖరి కాయలు. గంపలో అడుగున ఉన్నవి ముందు తినండి, మెత్తబడ్డాయి.

త్రివేణి


చిక్కడపల్లి,
4 జూలై 2025.

అక్కా,

"గారు" అన్నావు చూడు, అది రెండు రోజులు గుచ్చుకుంది. అయినా నీ కోపంలో కూడా పండ్లు పంపావు, ఏవి ముందు తినాలో రాశావు. అందుకని నేనూ మామూలుగానే రాస్తున్నాను.

అనుదీప్ బుధవారం మధ్యాహ్నం వచ్చాడు. బయట ఎండ దంచుతోంది, "లోపల కూసో బిడ్డా, నీళ్ళు తాగు" అని కౌంటర్ లోపలి కుర్చీ వేశాను. ఓపీ అయిపోయిన వేళ కాబట్టి ఎవరూ లేరు. వాడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు, నేను వెనక గదిలో నాలుగు ముద్దలు తినేసి వచ్చాను. మర్యాదగా మాట్లాడాడు, నాకెందుకో సంతోషమైంది. పండ్లు తీపిగా ఉన్నాయి. డాక్టరమ్మకు కూడా రెండు ఇచ్చాను.

కీర్తన సోమవారం సాయంత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. క్లినిక్‌లోకి రాలేదు, నేను ఇంటికి వెళ్తుంటే దారిలో ఆపింది. కాబట్టి ఇది రాయొచ్చు. "చిన్నమ్మా, అమ్మకు నువ్వే చెప్పినవా?" అని అడిగింది. లేదన్నాను. "ఒట్టు?" అంది. ఒట్టేశాను. నమ్మిందో లేదో. ఇద్దరం టీ బండి దగ్గర నిలబడి టీ తాగాం. ఉద్యోగ పరీక్ష ఆగస్టులో అట. కరెంట్ అఫైర్స్ తప్ప అంతా రెండుసార్లు చదివానని చెప్పింది.

నువ్వు ఆ పిల్ల మీద నమ్మకం పెట్టుకో. ఇంతకంటే ఏం రాయాలో నాకు తెలియడం లేదు.

ఉదయ


జోగిపేట,
8 జూలై 2025, మంగళవారం.

ఉదయా,

నువ్వు చెప్పకపోయినా మీ రిజిస్టర్ చెప్పింది.

అనుదీప్ ఫోటో తెచ్చాడు. మీ కౌంటర్ మీది పుస్తకం, నీ చేతిరాతే. "కీర్తన, 22" అని ఉంది, పక్కన "యూపీటీ" అని ఉంది. నాకు తెలియక మా ఊరి నర్సమ్మను అడిగాను, ఎవరో పిల్లకని చెప్పి. గర్భం ఉందో లేదో చూసే పరీక్ష అంది.

నాకొక్కదానికే చూపించమన్నాను వాడిని. వాడు ముందే మీ బావకు చూపించాడు. ఇంట్లో రెండు రోజులుగా పొయ్యి వెలగలేదు. మీ బావ ఎరువుల దుకాణం మూసేసి కూర్చున్నారు. గురువారం పొద్దున మొదటి బస్సుకే బయలుదేరి వచ్చి కీర్తనను తీసుకొస్తారట. ఆ తర్వాత ఏం చేస్తారో నేను అడగలేదు, అడిగే ధైర్యం లేదు.

ఉంది అను, లేదు అను. ఒక్క మాట చాలు. నా ఫోన్ మీ బావ చేతిలో ఉంది. అయినా ఫోన్ చేసినా సరే, ఎవరు విన్నా సరే. నీ కాళ్ళు పట్టుకుంటాను.

అక్క


చిక్కడపల్లి,
11 జూలై 2025.

అక్కా,

నీ ఉత్తరం గురువారం పదకొండింటికి వచ్చింది. కౌంటర్లోనే విప్పాను. నా ముందు అదే పుస్తకం, పాత పేజీలు తిప్పి కీర్తన పేరున్నది తీశాను.

తప్పు నాది. నోరు కట్టేసుకుంటే చాలనుకున్నాను. మన పిల్లవాడే కదా అని అన్నానికి లేచాను, శాంపిళ్ళ రిజిస్టర్ తెరిచి, మధ్యలో పెన్ను పెట్టి, అలాగే వదిలేశాను. ఆ ఆశమ్మ విషయంలో నాకు ముందు ఈ కుర్చీలో ఉన్నావిడ చేసింది ఒక్క మాట. నేను చేసింది ఒక పేజీ.

వెంటనే డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను. "ఆ ఫోటోల ఇంక ఎంతమంది పేర్లున్నయ్?" అని అడిగింది. అప్పటిదాకా నాకా ఆలోచనే రాలేదక్కా. చూస్తే కీర్తనతో కలిపి పన్నెండు.

"పన్నెండు మందికీ నువ్వే చెప్పాలె. ఫలానా రోజు మీ పేరు, మీ పరీక్ష బయటి మనిషి చూసిండు, తప్పు మాది అని చెప్పు. ముందు ఆ పిల్లకు చెప్పు, పో" అంది.

ఆటోలో అశోక్ నగర్ వెళ్ళేసరికి బావ వచ్చి వెళ్ళిపోయారు. కీర్తన హాస్టల్ మెట్ల మీద బ్యాగు పట్టుకుని కూర్చుంది. బావ నీతో ఎలా చెప్పారో నాకు తెలియదు. కీర్తన నాతో చెప్పింది ఇది: "నాన్న లోపలికి గూడ రాలే చిన్నమ్మా. గేటు కాడ్నే, అందరి ముంగట అడిగిండు. ఎన్నో నెల అని." ఆ పిల్ల ఏమీ జవాబివ్వలేదట. బావ చెయ్యి పట్టి లాగితే వార్డెన్ అడ్డం వచ్చిందట. ఇక ఇంటికి రావద్దని చెప్పి వెళ్ళిపోయారట.

నేను రిజిస్టర్ సంగతి చెప్పాను. క్షమించమన్నాను. "అయితే ఆ పుస్తకం ఎవలైన సూడొచ్చన్నట్టు" అంది. తిట్టినా బాగుండేది. మీ అమ్మతో మాట్లాడు, లేదా నన్నైనా మాట్లాడనివ్వు అని బతిమాలాను. "వద్దు. నువ్వేం చెప్పకు" అంది. ఒక స్నేహితురాలి గదికి వెళ్తున్నానంది. ఆడపిల్ల దగ్గరే ఉంది, క్షేమంగా ఉంది, ఈ రెండు మాటలు నీకు చెప్పమంది. ఫోన్ ఆపేసింది.

నువ్వడిగిన ఒక్క మాట నా నాలుక చివరే ఉంది. కానీ నేను ఈరోజు "లేదు" అని రాస్తే, రేపు ఇంకో తల్లికి రాయకపోతే, ఆ తల్లికి "ఉంది" అని తెలిసిపోతుంది. ఆ పిల్ల వద్దంది కూడా. ఒక పరీక్ష పేరు చూసి ఆ మనిషిని చదివేశాననుకోకక్కా. ఇంతకన్నా ఒక్క అక్షరం రాయలేను.

అనుదీప్‌తో ఆ ఫోటో తుడిపించు. అందులో ఇంకా పదకొండు మంది ఉన్నారు. నిన్నటి నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. ఒక పెద్దాయన "షుగర్ సంగతి అందరికి తెల్సు తీయ్" అని నవ్వాడు. ఒకావిడ విని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది.

ఉదయ


జోగిపేట,
15 జూలై 2025.

ఉదయశ్రీ,

అంతా అర్థమైంది. పిల్లను నువ్వే ఎక్కడో దాచావు. "క్షేమంగా ఉంది" అంటే నాకు తెలియదా? మీ దవాఖానలోనే కడుపు కడిగించి, చప్పుడు కాకుండా పంపేద్దామని చూస్తున్నారు, నువ్వూ మీ డాక్టరమ్మా. పైగా నాకు నీతులు రాస్తున్నావు.

నా బిడ్డకు ఏమైనా అయితే ఆ పాపం నీది. నా గడప తొక్కకు. ఇక ఉత్తరాలు కూడా వద్దు.

త్రివేణి


జోగిపేట,
30 జూలై 2025.

ఉదయా,

ఈ ఉత్తరం చదవకుండా చింపేసే హక్కు నీకుంది. అయినా రాస్తున్నాను.

పందొమ్మిదో తారీఖు శనివారం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పేరు సరిత, అడిక్‌మెట్‌లో ఉంటుందట. "ఆంటీ, కీర్తన మెట్ల మీదికెల్లి పడ్డది. ఫిట్స్ వచ్చినయ్. మిమ్ములను పిలువుమంటున్నది" అంది. నేను, మీ బావ కట్టుబట్టలతో వచ్చాం. ఎడమ చెయ్యి విరిగింది. తలకు నాలుగు కుట్లు పడ్డాయి. ఎనిమిది రోజులు సర్కారు దవాఖానలో ఉన్నాం. మీ ఇంటికి ఆటోలో పావుగంట దూరం. నేను నీకు చెప్పలేదు, ఎవరినీ చెప్పనివ్వలేదు. పక్క బెడ్డు ఆవిడ "ఈ ఊర్ల మీకు ఎవ్వలు లేరా?" అంటే లేరని చెప్పాను.

కీర్తన మూడో రోజు నాకు అన్నీ చెప్పింది. తనంతట తనే. ఏప్రిల్ ఆఖర్లో లైబ్రరీలో చదువుతూ చదువుతూ పడిపోయిందట. కనుబొమ్మ మీద దెబ్బ అదే. పక్కన చదువుకునే వాళ్ళెవరో దగ్గరలో ఉందని మీ క్లినిక్‌కు మోసుకొచ్చారట. కళ్ళు తెరిచేసరికి నువ్వు తల పట్టుకుని ఉన్నావట. "చిన్నమ్మ నన్ను చూసి ఏడ్చింది గానీ అమ్మా, నాకు ఫిట్స్ అని ఇంట్ల ఎవలికి చెప్పొద్దంటే ఒక్క మాటకు ఒప్పుకున్నది" అంది.

నేను ఆ పరీక్ష గురించి అడగలేదు. అడగడానికి నోరు రాలేదు. తనే చెప్పింది. ఫిట్స్ గోళీలు మొదలుపెట్టే ముందు, ఆ వయసు ఆడవాళ్ళకు కడుపులో ఏమీ లేదని తేల్చుకోవాలట. ఉంటే బిడ్డకు చేటట. అందరికీ చేస్తారట. అంతే, ఉదయా. దానికే నేను రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. దానికే ఆయన గేటు దగ్గర ఆ మాట అడిగారు. దానికే నేను నీకు ఆ ఉత్తరం రాశాను.

గోళీలు ఎందుకు ఆపావంటే, అడిక్‌మెట్ వెళ్ళిన నాలుగు రోజులకు అయిపోయాయట. "మళ్ళ చీటీ కోసం పోతే మళ్ళ పేరు రాస్తరు, మళ్ళ ఎవలో చూస్తరు" అనుకుందట. తొమ్మిదో రోజు పడిపోయింది.

ఇంకొకటి చెప్పాలి. అనుదీప్ తనంతట తాను ఫోటో తీయలేదు. పండ్ల గంప ఇస్తూ నేనే అన్నాను, "చిన్నమ్మ లేచినప్పుడు ఆ పుస్తకం ఒకసారి చూడు" అని. మామిడిపండ్లు దానికి సాకు. ఈ సంగతి కీర్తనకు చెప్పాను. మీ బావకు చెప్పాను. నీకు ఆఖర్న చెబుతున్నాను. ఫోటో మా అందరి ఫోన్లలోంచి తీసేశాం, నా ముందే తీయించాను.

మీ బావ మాట్లాడటం లేదు. కీర్తన మంచం పక్కన కూర్చుని సంత్రాలు ఒలిచి పెడుతుంటారు. ఆమె తినదు. ఆయన ఒలవడం ఆపరు.

ఇక్కడి పెద్ద డాక్టరు పాత కాగితాలు కావాలంటున్నారు, ఏ మందు, ఎంత, ఎప్పటి నుంచి అని. ఇప్పుడు నాకు అన్నీ తెలుసు కదా. ఫైలు జిరాక్స్ తీసి పోస్టులో పంపు. మా ఇంటికి రా అని అడిగే ముఖం నాకు లేదు. వస్తే మాత్రం తలుపు తీసే ఉంటుంది.

త్రివేణి


చిక్కడపల్లి,
4 ఆగస్టు 2025.

అక్కా,

చదివాను. స్టోర్ గదిలో తలుపు వేసుకుని చదివాను. ఏడ్చానని మాత్రం రాయగలను.

నువ్వు రాసినవాటికి అవును అనీ కాదు అనీ ఇప్పుడు కూడా నేను రాయను. నన్ను తిట్టుకో. కీర్తన నీకు చెప్పింది, అది ఆమె ఇష్టం. నన్ను చెప్పమని ఆమె ఇంకా అనలేదు. ఫైలు కూడా నీకు పంపలేను. కీర్తన స్వయంగా వచ్చి, సంతకం పెట్టి తీసుకోవాలి. రాలేకపోతే తన చేత్తో ఫలానా వారికి ఇవ్వండని రాసి, గుర్తింపు కార్డు జిరాక్స్ జత చేస్తే చాలు. తన కాగితాలు అడిగితే కాదనే హక్కు మాకు లేదు. ఆలస్యం చేయొద్దు, డాక్టరుకు అవి అవసరం.

పుస్తకం చూడమన్నది నువ్వే కావచ్చు. తెరిచి పెట్టింది నేను. ఆ పిల్ల నాలుగు గోళీల కోసం మా మెట్లు ఎక్కడానికి భయపడింది. రోజూ ఓపీ చీటీలు రాస్తూ అదే అనుకుంటున్నాను.

చేతికి బరువు పెట్టనివ్వకు.

ఉదయ


చిక్కడపల్లి,
13 ఆగస్టు 2025.

అక్కా,

సోమవారం పొద్దున కీర్తన వచ్చింది. సరితను గేటు దగ్గర నిలబెట్టి, చెయ్యి మెడకు కట్టుకుని, ఒక్కతే లోపలికి వచ్చి లైన్లో నిలబడింది. ముందు ఏడుగురున్నారు. "ఇటు రా బిడ్డా, కూసో" అన్నాను. "పర్లేదు మేడం" అంది. నన్ను మేడం అంది.

తన వంతు వచ్చాక ఫారం ఇచ్చాను. అందరినీ అడిగినట్టే కార్డు అడిగాను. కార్డు మీది ఫోటోనూ ఆమె ముఖాన్నీ చూశాను. పుట్టిన రోజు నుంచి చూస్తున్న ముఖం. ఎడమ చెయ్యి పనిచేయదు కదా, కాగితం జారిపోతుంటే నేను అటు చివర పట్టుకున్నాను, ఆమె సంతకం పెట్టింది. పదకొండు పేజీలు. జిరాక్స్ తీసి, డాక్టరమ్మ సంతకం చేయించి, కవర్లో పెట్టి అంటించి ఇచ్చాను.

ఆమె బ్యాగులోంచి ఇంకో కాగితం తీసి కౌంటర్ మీద పెట్టింది. ఫిర్యాదు. రెండు జూలై నాడు నా వివరాలున్న రిజిస్టర్‌ను కౌంటర్‌లోని ఉద్యోగిని నిర్లక్ష్యంగా వదిలేశారు, దానివల్ల నాకు ఇంత జరిగింది, చర్య తీసుకోవాలి అని, చక్కటి చేతిరాతతో. నా పేరు రాసింది. "అందినట్టు ముద్ర వేసి ఒక కాపీ ఇయ్యండి" అంది.

వేశాను. రెండు కాపీల మీదా. తారీఖు రాశాను. రెండోసారి ముద్ర సరిగ్గా పడలేదు, మళ్ళీ వేశాను.

అప్పుడు అంది: "నువ్వు నోటితోని చెప్పలేదని నాకు ఎరుకే చిన్నమ్మా. అమ్మ గంత అడిగినా చెప్పలే. గానీ నేను ఈ కాగితం ఇయ్యకుంటే రేపు ఇంకొకలది గట్లనే తెరిచి ఉంటది." సరే బిడ్డా అన్నాను. అది నిజమే కదా.

డాక్టరమ్మ నన్ను తీసేయలేదు. ఆరు నెలలు కౌంటర్‌కు దూరంగా, లోపల ఫైళ్ళ దగ్గర ఉండమంది. శాంపిళ్ళ పుస్తకంలో ఇక పేర్లు ఉండవు, నంబర్లే. కొత్త అమ్మాయి వస్తోంది. ఆమెకు పని నేర్పమంది, మొదటి పాఠంగా నా సంగతే చెప్పమంది. ఈరోజు పొద్దున చెప్పాను. ఆశమ్మ గురించి చెప్పినంత సులువుగా లేదు.

ఆదివారం కీర్తన పరీక్ష. గోళీ వేళ తప్పకుండా చూడు.

ఉదయ


జోగిపేట,
26 ఆగస్టు 2025.

ఉదయా,

చెల్లె, ఎలా ఉన్నావు? లోపలి గదిలో గాలి ఆడుతుందా? నీ మీద ఫిర్యాదు రాసిన పిల్ల తల్లిని ఇలా అడుగుతున్నానని నవ్వకు. ఆ కాగితం రాసినట్టు ఆమె నాకు ముందే చెప్పింది. ఆపుదామనుకున్నాను, ఆపలేదు. నా పేరు కూడా రాయవచ్చు కదా అన్నాను. "నీ మీద ఏ ఆఫీసుల ఇయ్యాలె?" అంది.

పరీక్ష రాసింది. చెయ్యి కట్టుతోనే. ఎలా రాసిందో చెప్పదు, నేను అడగడం మానేశాను. కొత్త డాక్టరు మందు మార్చారు. మూడేళ్ళు వాడాలట. చదువు ఆపాల్సిన పని లేదని మీ బావ ఎదురుగానే అన్నారు. నిద్ర మాత్రం చెడగొట్టుకోవద్దన్నారు. వచ్చే సోమవారం మళ్ళీ అశోక్ నగర్ వెళ్తుంది. మీ బావ ఆ గడువు మాట ఎత్తలేదు.

నీకు రాయాలనుకున్నది మొన్న శుక్రవారం సంగతి. నువ్వు అంటించి ఇచ్చిన ఆ కవరు కీర్తన టీవీ పక్కన పెట్టుకుంది. నేను దుమ్ము దులిపేటప్పుడు కూడా తాకలేదు. మీ బావ అటు పోతూ ఇటు పోతూ దాన్నే చూస్తుంటారు. ఆయనకు ఇంగ్లీషు రాదు కదా, తీసినా లాభం లేదు. శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక, నెల రోజుల్లో మొదటిసారి ఆ పిల్లతో మాట్లాడారు. "అండ్ల ఏమున్నది బిడ్డా?" అన్నారు.

నాకు భయమేసింది. ఆమె లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. లేచింది, కవరు తెచ్చింది, ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క వరుసా తెలుగులో చెప్పింది. ఏప్రిల్లో ఎలా పడిందో, ఎంతసేపు తెలివి లేదో, తల స్కాన్‌లో ఏం రాశారో. మూడో పేజీకి వచ్చింది. "మందు షురూ చేసే ముందు గర్భం ఉన్నదా అని టెస్ట్ చేసిన్రు. లేదు" అంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. మిగతావన్నీ ఎలా చదివిందో అదీ అలాగే.

మీ బావ తల దించుకున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. అత్తమ్మ టీవీ కట్టేసింది. కీర్తన వేలు ఆ వరుస మీదే ఉంది.

"ఇంక ఎనిమిది పేజీలున్నయ్ నాన్నా. చదువాల్నా?"

ఆయన "చదువు బిడ్డా" అన్నారు.

పదకొండో పేజీ దాకా చదివింది.

అక్క,
త్రివేణి